ఒక్క పన్ను తేడా

పొద్దున్నే కొట్టుకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. పని ఆగిపోయి కొనడానికి వచ్చేవాళ్ళు కొందరు, కోపం ఆగక పోట్లాడటానికి వచ్చేవాళ్ళు కొందరు. మెట్టెక్కే తీరు చూసి ఎవరు ఏ రకమో చెప్పేయవచ్చని పార్టుల కొట్టు అబ్బాయి నమ్మకం. తొమ్మిదేళ్ళుగా మోటార్లు, వైర్లు, బ్యాటరీలు, రోబో కిట్లు అమ్ముతున్నాడు. ఆ అంచనా ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు మెట్టెక్కిన అమ్మాయి ఆరుకాళ్ళ రోబోను కోడిపెట్టలా చంకలో పెట్టుకుని వచ్చింది. దాని కాళ్ళు మూడు పైకి, మూడు కిందికి వేలాడుతున్నాయి.

రెండో రకం అనుకున్నాడు.

ఆమె రోబోను బల్లమీద దించి, పక్కన నాలుగు సర్వోలు వరసగా పేర్చింది.

"నెలలో నాలుగు చచ్చాయి. మీరు అమ్మేవి సర్వోలా, దోమల బత్తులా? పొగ తప్ప ఏమీ రావడం లేదు."

సర్వో అంటే అగ్గిపెట్టంత మోటారు. ఎంత తిరగమంటే అంతే తిరిగి, అక్కడే పట్టుకుని నిలబడుతుంది. రోబోకి తుంటీ అదే, మోకాలూ అదే, మడమా అదే; కాలికి మూడు చొప్పున పద్దెనిమిది. అతను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, డాక్టరు నాడి చూసినట్టు గంభీరంగా అటూ ఇటూ తిప్పాడు.

"కింద పడేసి ఉంటారండీ. లేకపోతే కాళ్ళు చేత్తో బలవంతంగా తిప్పి ఉంటారు. లోపల చక్రాల పళ్ళు విరిగి ఉంటాయి."

"పళ్ళ గురించి మీరు నాకు చెప్తున్నారా?"

ఆమె సంచిలోంచి పొడవాటి కాడకి బిగించిన చిన్న అద్దం, సూదిమొన కొక్కెం తీసింది. అప్పుడర్థమైంది అతనికి. ఎదురుగా ఉన్నది పళ్ళ డాక్టరు.

"స్క్రూడ్రైవర్ ఇవ్వండి" అంది.

ఇచ్చాడు. నాలుగు స్క్రూలు విప్పి, మూత తీసి, అద్దం పెట్టి చక్రాలను ఒక్కొక్కటే తిప్పింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. అతను చక్రాలను చూడాల్సింది పోయి పెదవులను చూస్తున్నాడు.

"నాలుగు చక్రాలు. ఒక్క పన్ను విరగలేదు, అరగలేదు. అంటే పడలేదు, ఎవరూ తిప్పలేదు. ఇప్పుడు మోటారు వాసన చూడండి."

చూశాడు. మాడిన వాసన గుప్పుమంది.

"ఇది దెబ్బ తగిలి పోలేదు. మోయలేని బరువు చాలాసేపు మోసి పోయింది. ఎందుకు మోసిందో చెప్పండి. సరుకు మీది."

వెనక కుర్చీలో పేపరు చదువుతున్న నాన్న తల ఎత్తకుండానే తీర్పు ఇచ్చేశాడు. "అబ్బాయ్, అమ్మాయి చెప్పిందే నిజం."

వ్యాపారంలో ఒక సూత్రం ఉంది. ఓడిపోయే వాదనను ఎంత తొందరగా వదిలేస్తే అంత లాభం. అతను నాలుగు కొత్త సర్వోలు తీశాడు. వాటి నెత్తిన కాలు తగిలించే చిన్న ప్లాస్టిక్ చేయి ఉంటుంది. దాన్ని కంటి అంచనాతో నొక్కి, స్క్రూ బిగించాడు. ఒక్కోదానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

"చేయి కూడా నేనే బిగించి ఇస్తాను. ఈ సేవ ఇంకే కొట్లోనూ ఉండదు" అన్నాడు కాస్త గర్వంగా. "ఇంతకీ పళ్ళ డాక్టరుకి రోబో ఎందుకండీ?"

"పిల్లలు నోరు తెరవడానికి." ఆమె గొంతులో కోపం మొదటిసారి పలచబడింది. "నా కుర్చీ చూస్తే ఏడుస్తారు. ఇది పీతలా నడుచుకుంటూ వచ్చి బ్రష్షు ఇస్తే నోరు తెరుచుకుని చూస్తారు. ఆ సందులో నా పని నేను చేసేస్తా. శనివారం స్కూలు పిల్లలు నలభైమంది వస్తున్నారు. పీత నడవకపోతే నలభై నోళ్ళూ మూసుకునే ఉంటాయి."

"బుధవారం మధ్యాహ్నం నేనే మీ క్లినిక్‌కి వచ్చి చూస్తాను."

ఆమె వెళ్ళాక పేపరు వెనకనుంచి గొంతు వచ్చింది. "మొన్న ఎనభై మోటార్లు కొన్నాయన ఒకసారి వచ్చి చూడమంటే తీరిక లేదన్నావు."

"ఆయన దగ్గర పీత లేదు నాన్నా."

"అవునవును. పీతే లేదు."

*

క్లినిక్‌లో టోకెన్లు ఇచ్చేది డాక్టరుగారి అమ్మ. కళ్ళజోడు పైనుంచి చూసి అడిగింది. "నొప్పి ఎడమవైపా, కుడివైపా?"

"నొప్పి నాకు కాదండీ. పీతకి."

"ఓహో, మీరేనా! మిమ్మల్ని వారంనుంచీ తిడుతోంది. కూర్చోండి."

పీత మూల బల్లమీద నిలబడి ఉంది. కదలడం లేదు, ఊరికే నిలబడి ఉంది. కానీ సన్నగా జుమ్మని మూలుగుతోంది. డాక్టరుగారు మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చి ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది.

"మొన్న వేసిన నాలుగింట్లో రెండు అప్పుడే కాలిపోయేలా ఉన్నాయి. ముట్టుకోండి."

ముట్టుకుని చేయి వెనక్కి లాక్కున్నాడు. మొదట బ్యాటరీ చూశారు. బాగుంది. తర్వాత పక్క కాలి వైరు దీనికీ, దీని వైరు పక్క కాలికీ మార్చి పెట్టారు. వైరు మారినా మూలిగే సర్వో మూలుగుతూనే ఉంది. అంటే తప్పు వైరుది కాదు, బోర్డుది కాదు. ఆ కీలులోనే ఏదో ఉంది. ఒకే చోట చూడాలంటే రెండు తలలు దగ్గరకి రాక తప్పదు. ఆమె జుట్టులో లవంగనూనె వాసన వచ్చింది. ప్రపంచంలో ఎవరూ లవంగనూనె వాసనకి పడిపోయి ఉండరు. మొదటివాడు దొరికాడు.

"మీరు పీతను చూడటం లేదు" అంది ఆమె.

"చూస్తున్నానండీ. చుట్టూ ఉన్న పరిస్థితులు కూడా చూడాలి కదా."

ఆమె నవ్వు ఆపుకుంటుండగా లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది. లేచి వెళ్ళింది.

అతను ఒక్కడే మిగిలాడు. మూలుగుతున్న సర్వో చేతి స్క్రూ విప్పి, చేయి పైకి లాగాడు. అంతే. సర్వో టక్కున ఒక పక్కకి తిరిగి, బరువు దించుకున్న కూలీలా నిశ్శబ్దమైపోయింది.

అతనికి సంగతి అర్థమైపోయింది.

సర్వో ఇరుసు చుట్టూ ఇరవైఅయిదు సన్నని పళ్ళు ఉంటాయి. చేయి ఆ పళ్ళమీద కూర్చుంటుంది. ఒక్క పన్ను పక్కకి కూర్చున్నా పద్నాలుగు డిగ్రీల తేడా. అప్పుడు 'నిటారుగా నిలబడు' అని రోబో చెబితే, కాలు చట్రానికి తగిలి ఆగిపోతుంది. సర్వో మాత్రం ఆగదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని చట్రాన్ని నెడుతూనే ఉంటుంది. నిలబడినచోటే నిలబడి కాలిపోతుంది. అందుకే సర్వోకి కరెంటు ఇచ్చి, సరిగ్గా మధ్యకి తెచ్చి, అప్పుడు చేయి బిగించాలి.

అతను అలా చేయడం ఏడాదిగా మానేశాడు. పాత సరుకు ఫ్యాక్టరీనుంచే మధ్యలో నిలిపి వచ్చేది. కంటి అంచనా సరిపోయేది. ఆర్నెల్ల కిందట సరుకు వేరేచోటునుంచి తెప్పించాడు. అది ఎక్కడ పడితే అక్కడ ఆగి వచ్చింది. అతను చూసుకోలేదు. ఉచితం, ప్రత్యేకం అని గొప్ప చెప్పుకుంటూ ప్రతి సర్వోకీ తన చేత్తోనే తప్పు బిగించి ఇచ్చాడు.

ఒక్క పీతకేనా? ఆ సరుకుతో ఇరవైరెండు కిట్లు వెళ్ళాయి.

అతను గబగబా వేడెక్కిన కీళ్ళు రెండింటినీ విప్పి, మధ్యకి తెచ్చి, మళ్ళీ బిగించాడు. మూలుగు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆమె వచ్చింది.

"చప్పుడు లేదే! ఏమైంది?"

నిజం నాలుక చివరికి వచ్చింది. కానీ వ్యాపారి బుర్ర నాలుకకంటే చురుకు. చెబితే ఏం పోతుంది? కొట్టు పేరు. చెప్పకపోతే ఏం పోతుంది? ఏమీ పోదు. పీత నడుస్తోంది కదా.

"కాలు బిగించేటప్పుడు కొంచెం పక్కకి పడిందండీ. అంతే."

"కాళ్ళన్నీ బిగించింది నేనే."

"ఫర్వాలేదండీ. కొత్తలో అందరికీ అవుతుంది."

ఆమె తన చేతులవైపు ఒకసారి చూసుకుంది.

*

శనివారం నలభై నోళ్ళూ తెరుచుకున్నాయి. 'మీ పుణ్యమే' అని ఆమె మెసేజ్ పెట్టింది. అతను దాన్ని పదిసార్లు చదివాడు. పదిసార్లూ తేలు కుట్టిన దొంగలా గమ్మున ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం డాక్టరుగారి అమ్మ కాలింగ్ బెల్ బ్యాటరీ కోసం కొట్టుకొచ్చింది.

"మా అమ్మాయికి ఏమైందో బాబూ! వేసిన ప్రతి ఫిల్లింగూ రెండుసార్లు చూసుకుంటోంది. నిన్న ఒకాయన్ని మూడోసారి నోరు తెరవమంటే, 'అమ్మా, నా నోట్లో ఏమైనా పారేసుకున్నారా?' అని అడిగాడు. ఇంట్లో తాళం వేసి నాలుగుసార్లు లాగి చూస్తోంది. 'అమ్మా, నా చేతులు నేననుకున్నంత మంచివి కాదేమో' అంటోంది. చిన్నప్పటినుంచీ ఏడ్చిన పిల్ల కాదు. ఈ మాట అన్నప్పుడు ఏడుపుగొంతు విన్నాను."

అతను బ్యాటరీ ఇచ్చి డబ్బు తీసుకోవడం మర్చిపోయాడు.

లెక్క తప్పాడు. చెప్పకపోతే ఏమీ పోదనుకున్నాడు. పోయింది, కాకపోతే తనది కాదు, ఆమెది. పళ్ళ డాక్టరుకి చేతిమీద నమ్మకం పోతే ఇంకేం మిగులుతుంది? తన పేరు నిలబెట్టుకోవడానికి ఆమె చేతిని తాకట్టు పెట్టాడు. ఆమెను అడగకుండా.

మంగళవారం మధ్యాహ్నం టోకెన్ తీసుకుని క్లినిక్‌లో కూర్చున్నాడు.

"ఈసారి నొప్పి ఎవరికి?" అంది అమ్మ.

"నాకేనండీ."

కుర్చీలో పడుకోబెట్టారు. ముఖంమీద దీపం వెలిగింది. అతను నోరు తెరిచి "డాక్టరుగారూ, ఒక్క మాట..." అనేలోపు అద్దం లోపలికి వెళ్ళిపోయింది.

"ఎక్కడ నొప్పి?"

"ఆ... ఆఁ... నే... ఆద్దం..."

"మాట్లాడకండి. నాలుక కొరుక్కుంటారు." ఒక్కో పన్నూ తట్టి చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసింది. ఆ మూడోసారి చూడటం అతనికి పంటినొప్పికంటే ఎక్కువ బాధ పెట్టింది. "అన్నీ బాగున్నాయే. లేదా నాకే కనబడటం లేదేమో..."

అతను ఆమె మణికట్టు పట్టుకుని అద్దం బయటికి తీశాడు.

"మీకు కనబడనిది ఏమీ లేదు. పళ్ళన్నీ బాగానే ఉన్నాయి. బాగాలేనిది నేను. పీత కాలు మీరు తప్పు బిగించలేదు. సర్వోకి చేయి నేను తప్పు బిగించాను. ఆ రోజు స్క్రూ విప్పగానే తెలిసిపోయింది. కొట్టు పేరు పోతుందని మీమీదికి నెట్టేశాను."

దీపం వెలుగులో ఆమె ముఖం కనబడలేదు. అదే మేలైంది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఆరు రోజులనుంచి."

"'కొత్తలో అందరికీ అవుతుంది' అన్నారు. నవ్వుతూ అన్నారు."

"అన్నాను."

"ఆరు రోజులు నేను నా చేతులను తిట్టుకున్నాను. ఈ చేతులతో నేను పసిపిల్లల నోట్లో మరతో డ్రిల్లు చేస్తానండీ! తెలుసా?"

"తెలుసు. అందుకే వచ్చాను."

"లేవండి." లేచాడు. "ఆ సరుకు ఇంకెంతమందికి అమ్మారు?"

"మీతో కలిపి ఇరవైరెండు."

"అంటే ఇంకా ఇరవైఒక్కమంది ఎక్కడో కూర్చుని, తప్పు తమదే అనుకుంటున్నారు. నాకు సారీ చెప్పడం తేలిక. ఒక గది, ఒక మనిషి, తలుపు వేసి ఉంది. వాళ్ళందరికీ చెప్పండి. ఆ తర్వాత నాతో మాట్లాడండి."

బయట అమ్మ అడిగింది. "ఏం బాబూ, పన్ను పీకిందా?"

"ఇంచుమించు అంతేనండీ."

*

నాన్నకి చెప్పడమే కష్టమనుకున్నాడు. నాన్న చివరిదాకా విని పేపరు మడిచాడు.

"ముప్ఫై ఏళ్ళలో ఈ కొట్టులో తప్పు జరగలేదని ఎవడన్నాడు నీకు? బోలెడు జరిగాయి. అవతలివాడు మెట్టెక్కకముందే మనం వాడి గుమ్మం ఎక్కాం. పేరు అలా వచ్చింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవచ్చురా, కానీ చెట్టుకి నీళ్ళు ఎవడో ఒకడు పోయాలి. ఫోనందుకో."

అందుకున్నాడు. ఒకాయన అయిదు నిమిషాలు తిట్టాడు. ఒకావిడ అసలు రోబోను పెట్టెలోంచి తీయనేలేదంది. ఇంకొకాయన సంగతి వేరు.

"హలో? ఉన్నారాండీ?"

"ఉన్నా. మా బావమరిది పాడుచేశాడనుకున్నా. రెండు నెలలుగా వాడితో మాటల్లేవు."

"అయితే ముందు ఆయనకి ఫోన్ చేయండి. తర్వాత ఆదివారం మా కొట్టుకి రండి."

ఇరవైఒక్క ఫోన్లు అయ్యాక, మెట్లపక్కన గోడకి పెద్దక్షరాలతో అట్ట కట్టాడు: 'ఈ ఆర్నెల్లలో మేమమ్మిన సర్వోలు కాలిపోతే తప్పు మీది కాదు, మాది. చేయి మేమే తప్పు బిగించాం. ఆదివారం తీసుకురండి, ఉచితంగా సరిచేస్తాం.' తొమ్మిదేళ్ళలో కట్టిన అట్టల్లో దానిలాగా జనాన్ని నిలబెట్టి చదివించింది ఇంకొకటి లేదు.

ఆదివారం పొద్దున్నుంచే వాన. మామూలు వాన కాదు, పనున్నవాళ్ళను కూడా ఇంట్లో కూర్చోబెట్టే వాన. అయినా వచ్చారు. గొడుగుల కింద రోబో చేతులు, ప్లాస్టిక్ సంచుల్లో రోబో కుక్కలు, తువ్వాల్లో చుట్టిన నాలుగుకాళ్ళ జీవాలు. బావమరిదీ బావా ఒకే గొడుగులో వచ్చారు, చెరో భుజం తడుపుకుంటూ. అతను ప్రతి సర్వోకీ కరెంటు ఇచ్చి, మధ్యకి తెచ్చి, చేయి బిగించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూలుగు లేకపోతేనే పక్కన పెట్టాడు. ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పాడు. "తప్పు మాదండీ." పదోసారికి ఆ మాట గొంతుకి అడ్డం పడటం మానేసింది.

నాలుగింటికి వరస పలచబడింది. తల ఎత్తకుండానే "తర్వాత ఎవరండీ?" అన్నాడు.

బల్లమీద పీత దిగింది.

ఆమె గొడుగు దులుపుతోంది. వెనక ఆమె అమ్మ అతని నాన్న కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని అప్పుడే కూర్చుంది.

"మీరు వరసలో నిలబడటం ఏమిటండీ?"

"ఆ సరుకు కొన్నవాళ్ళందరూ రావాలని రాశారుగా. నేను ఇరవైరెండోదాన్ని." ల్యాప్‌టాప్ తెరిచింది. "మీరు ఆ రోజు రెండు కీళ్ళే సరిచేశారు. మిగతా పదహారూ కొంచెం కొంచెం వంకరే. నా తప్పనుకుని ప్రోగ్రాములో అంకెలు కలిపి సర్దాను. ఇప్పుడు ఒక్కొక్కటే తీసేస్తాను. మీరు విప్పండి. మొదటి కాలు, తుంటి. ఏడు డిగ్రీలు."

అతను విప్పి, మధ్యకి తెచ్చి, బిగించాడు. "ఏడు పోయింది."

"సున్నా" అని నొక్కింది ఆమె. "మోకాలు. పదకొండు."

"పదకొండు పోయింది."

"సున్నా."

బయట వాన అదే పనిగా కురుస్తోంది. ఏడులు పోయాయి, అయిదులు పోయాయి, ఒక మొండి తొమ్మిది రెండుసార్లు విప్పితేగాని పోలేదు. ఆమె వేలు చూపినచోట అతని స్క్రూడ్రైవర్ వాలుతోంది. ఆమె చేయి ఎక్కడా తడబడలేదు. దేన్నీ రెండోసారి తట్టి చూడలేదు. అది గమనించాక అతని గుండెమీది బరువు దిగింది.

"పదహారు తప్పులు" అన్నాడు. "నావే. మీమీద వేసుకుని ఎలా సర్దుకున్నారండీ?"

"తెలియక సర్దుకున్నాను. తెలిసి సర్దుకోవడం నాకు చేతకాదు. తప్పెక్కడుంటే అక్కడే విప్పి చూస్తా. మనిషైనా సరే, మర అయినా సరే. ముందే చెప్తున్నా."

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ముందే అంటే... దేనికి ముందు?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి గాని చూపు మాత్రం దించుకోలేదు. "అంత తెలివైన వ్యాపారి, ఇది కూడా నేనే చెప్పాలా?"

"వద్దు. ఇది నేను చెప్పాల్సిన మాట." స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టేశాడు. "మొదటి రోజు మీరు చక్రాల పళ్ళు లెక్కపెడుతుంటే నేను చూసింది చక్రాలను కాదు. అప్పటినుంచీ నా లెక్కలేవీ కుదరడం లేదు. మీరంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె జవాబు చెప్పేలోపు వెనకనుంచి అమ్మ గొంతు వినబడింది. గుసగుస అనుకుంటోంది పాపం, కొట్టంతా వినబడుతోంది.

"ఉన్నదున్నట్టు అడుగుతున్నానండీ. మీ అబ్బాయి ఒక అబద్ధాన్ని ఎన్నాళ్ళు దాచగలడు?"

"ఆరు రోజులమ్మా" అన్నాడు నాన్న. "అదే ఎక్కువ. ఆ ఆరు రోజులూ సరిగా తినలేదు, పడుకోలేదు. పేపరు తిరగేసి పట్టుకుని చదివాడు."

"అయితే ఫర్వాలేదు. మా అమ్మాయి మూడో రోజుకే పట్టేస్తుంది."

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేకపోయింది. "విన్నారుగా. మీకు ఇచ్చే గడువు మూడు రోజులు. ఒప్పుకుంటారా?"

పుట్టి బుద్ధెరిగాక బేరం ఆడకుండా అతను దేనికీ తల ఊపలేదు. ఈసారి ఊపాడు.

"మూడెందుకండీ? ఆ రోజుకారోజే చెప్పేస్తాను."